డాక్టరమ్మకు నేనిచ్చిన కొసరు

బోగోలు వీధుల్లో చేపలమ్ముకునే నాకు ఒక ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్ళు తాగకుండా నొప్పి బిళ్ళలు మింగి కిడ్నీలు పాడు చేసుకున్నాను. ఒక డాక్టరమ్మ బతికించింది. దెబ్బ తిన్న కిడ్నీ ఎలా మానుతుంది, కొందరికి ఎందుకు మానదు అన్నదే ఆమె పరిశోధన. ఆ పనిలోనే తల నెరిసింది. మొదట్లో ఎలుకల కిడ్నీలు చూసేదట, తర్వాత మావి. ఎలుకలతోనే సుఖమట, అవి అబద్ధాలు చెప్పవట.

కొన్ని నెలలకు ఆమె నా చేతికో పెద్ద డబ్బా ఇచ్చింది. ఒక రోజు మూత్రమంతా అందులో పట్టి తేవాలి. దాన్ని బట్టి నేను మళ్ళీ చేపల గంప ఎత్తుకోవచ్చో, డయాలసిస్ మిషను దగ్గర పడుకోవాలో తేలుతుంది.

మర్నాటికి డబ్బా సగమే నిండింది. నాకు తల కొట్టేసినట్టయింది. కిలో తూచాక పైన గుప్పెడు కవళ్ళ చేపలు కొసరు వేయకుండా నేనెవరినీ పంపలేదు. ప్రాణం పోసిన మనిషికి సగం డబ్బా ఇస్తానా? మా ఆయన్ని పిలిచాను.

“ఏందే, నాదా?”

“నీదేనయ్యా. ఊరికే పొయ్యేదే గదా, నింపు.”

అంచుదాకా నింపాడు.

రిపోర్టు చూసి డాక్టరమ్మ కుర్చీలోంచి లేచింది. “అవ్వా, ఇన్నేళ్ళలో ఇట్టా మానిన కిడ్నీలు చూళ్ళేదు! కుర్రోళ్ళకు గూడా ఉండవు!”

నా పక్కన మా ఆయన మీసం దువ్వాడు. “దాంట్లో సగం నాదే డాక్టరమ్మా.”

ఆమె కళ్ళజోడు తీసింది. “సగమా?”

“ఇంకా ఎక్కువేనేమో. ఆ పూట కల్లు తాగుంటిని.”

నేను కొసరు సంగతి చెప్పాను. ఆమె బల్ల మీద తల పెట్టి నవ్వింది. తల ఎత్తాక మాత్రం నవ్వు లేదు. “ఈ కాయితం నమ్మి నీ మందులు ఆపేసుంటే ఏమయ్యేదవ్వా?”

అప్పుడు భయమేసింది నాకు.

కొత్త డబ్బా ఇచ్చింది. దాని మీద పెన్నుతో ఏదో రాసింది. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, కూడబలుక్కుని చదివాను: ‘అవ్వది మాత్రమే.’ ఆ రోజంతా మా ఆయన్ని డబ్బా దరిదాపులకు రానివ్వలేదు.

రెండో రిపోర్టును డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. “పూర్తిగా మాన్లేదవ్వా. గానీ మానతా ఉండాయి. మిషను అక్కర్లేదు. గంప ఎత్తుకో. నీళ్ళు తాగకుండా ఎండలో తిరగబాక, ఆ బిళ్ళలు మింగబాక.”

నేను కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. మా ఆయన బల్ల మీదికి వంగాడు.

“మరి నావి ఎట్టుండాయో చెప్పలేదే?”