అలల కోసం ఆపించిన డబ్బా మోత

ఈరోజు మా దీవిలోని జంగ్లీఘాట్ రేవులో చేపలు ఎండబెట్టుకునే ఆవిడను కసిరాను. తప్పు నాదే. అల ఎడమ చెవి నుంచి కుడి చెవికి పారినట్టు రికార్డు చేయాలని, బట్టల హ్యాంగర్ రెండు కొసలకూ చవక మైకులు కట్టుకుని వెళ్లాను. ఆవిడేమో కాకులను తోలడానికి రేకు డబ్బా వాయిస్తూనే ఉంది. తీసిందల్లా పాడైపోతోంది.

“కాసేపు ఆపలేవా దీదీ?” అని అరిచాను.

“ఆపుతాను భయ్యా. మరి కాకులకి నువ్వే సెప్పు, చుప్ కూర్చోమని!” అంటూ డబ్బా నా పక్కన పెట్టి, చేపలు చూస్తుండమని నీళ్లకు వెళ్లింది.

చేపలు చూస్తానని తలూపాను గానీ, హెడ్‌ఫోన్స్ పెట్టుకోగానే కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి కాకులు సగం చేపలను చీల్చేశాయి. రికార్డింగులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. మైకులకు తొడిగిన స్పాంజి ముక్కలు గాలిని ఆపలేదు. ఆవిడ తిరిగి వచ్చేదాకా నేను విసుక్కున్నది ఆ రికార్డింగు గురించే.

“ఏటి భయ్యా, కాకుల పాట బాగా వచ్చిందా?” అంది.

మధ్యాహ్నం పడవలవాళ్లను అడిగి పాత వల తెచ్చాను. చిరుగులు కుట్టి, చుట్టూ కర్రలు పాతి, మిగిలిన చేపల మీద కట్టాను. ముడులు వదులుగా ఉన్నాయని ఆవిడ అంటే, విప్పి మళ్లీ కట్టాను.