మాట పడిపోయిన ట్యాబ్లెట్లు
బడిలో కంప్యూటర్లు చూసుకునే ఆవిడ, ట్యాబ్లెట్ల స్పీకర్లు ఇంకా గట్టిగా పలికేలా, వాటిని నడిపే మూల ప్రోగ్రాం కెర్నెల్‌లో మార్పు రాయాలనుకుంది. ముందుగా, వాటిని తయారుచేసే కంపెనీలో పనిచేస్తున్న అన్నయ్యను, అన్నిటి లోపలా ఒకే భాగాలున్నాయా అని అడిగింది.

"అన్నీ ఒకటేనమ్మా. కళ్ళు మూసుకుని రాసెయ్."

మార్పు పెట్టిన మర్నాడే సగం ట్యాబ్లెట్లకు మాట పడిపోయింది. రెండింటిని విప్పి చూస్తే, పైకి ఒకే మోడల్, లోపల సౌండ్ చిప్‌లు వేరు.

"నీకు తెలుసా అన్నయ్యా?"

"తెలుసు. బయటివాళ్ళకి చెప్పొద్దన్నారు."

"నేను బయటిదాన్నా?"

ఆమె మనసు చివుక్కుమంది.

వారం రోజులు కూర్చుని, ఏ చిప్ ఉందో ముందు కనిపెట్టి దానికి తగ్గట్టు నడుచుకునేలా కోడ్ తిరగరాసింది. ట్యాబ్లెట్లన్నీ పలికాయి.

ఆదివారం అన్నయ్యే ఫోన్ చేశాడు. "బాగయ్యాయటగా?"

"అయ్యాయండీ" అంది, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు.