బఫర్ ఎత్తు తగ్గిన రోజు

విశ్వకర్మ పూజ మరునాడు, శుక్రవారం, పొద్దున్న పదకొండు గంటలకు ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో నా కోచ్ ఒక మూల కుంగింది.

మరమ్మతు అయిన కోచ్‌ని చక్రాల మీద దింపాక, కోచ్ మూలల్లో, పక్క కోచ్ గుద్దుకోకుండా ఆనుకునే బఫర్లు రైలు పట్టా నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో కొలవడం నా పని. తక్కువైతే కోచ్‌ని జాకీలతో లేపి స్ప్రింగు కింద రింగు వేయాలి. కొలవడం ఇద్దరి పని. చెరోవైపు నిలబడి అంకె అరిచి చెప్పుకోవాలి. అప్పటికి నాకు అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ఏళ్ల తరబడి నాకు అటువైపు నిలబడ్డవాడు ఆ వేసవిలో రిటైరై బొబ్బిలి వెళ్లిపోయాడు. ఆ చోటుకి ఎవరూ రాలేదు. నా నోరు మంచిది కాదన్నారు. నిజమే.

"ఒక్కడివీ చెయ్యలేకపోతే చక్రాల గోడౌనుకి పో. పన్నెండుకి వచ్చి చూస్తా" అన్నాడు ఫోర్‌మన్.

ఇటు కొలిచి, చుట్టూ తిరిగి అటు కొలిచాను. అలవాటు కొద్దీ అంకె అరిచాను. షాపు మోతలో అది ఎటో పోయింది. మూడు మూలలు బొటాబొటిగా సరిపోయాయి. నాలుగోది పావు అంగుళం తక్కువ. మళ్లీ కొలిచాను. అంతే. రింగు తెచ్చుకున్నాను. జాకీలు తిప్పేవాళ్ల కోసం చూస్తే ఒక్కడూ లేడు. అప్పుడు నెత్తిమీద నవ్వు వినబడింది.

ఎక్కి తలుపు తోశాను. సీట్లు ఇంకా బిగించని కోచ్. ఫోర్‌మన్ కంటపడకుండా కిటికీలు దించేసి, ఆ మూలనే అందరూ విస్తళ్లు వేసుకుని పూజలో మిగిలిన కిచిడీ తింటున్నారు.

"కింద ఏటి ఎతుకుతున్నావు మావా?" అన్నాడు రివిట్లు కొట్టే పాలకొండవాడు.

"మీ బరువుకి కోచ్ కుంగిపోనాది. దిగండ్రా!"

"పిలవనేదని కోపమేటి? పిలిస్తే వస్తావేటి నువ్వు?"

"రాగ్ కొరో నా, దాదా" అని, కోపం వద్దన్నట్టు బెంగాలీ వెల్డరు నవ్వాడు.

పిలిస్తే వచ్చేవాణ్ణే. దిగమని తలుపు చూపించాను.

విస్తళ్లతోనే దిగారు. కొలిచాను, సరిపోయింది. రింగు వేసి ఉంటే ఖాళీ కోచ్ ఆ మూల ఎత్తుగా నిలిచి, నేను గోడౌనుకి పోయేవాణ్ణి. పన్నెండుకి ఫోర్‌మన్ కొలిచి చూసి, "ఠీక్ హై" అని వెళ్లిపోయాడు. పని నాకే మిగిలింది, ఒక్కడికీ. వాళ్లు కిచిడీ బకెట్ తీసుకుని పక్క షెడ్డులోకి పోయారు.

ఆ రోజు అక్కడున్నవాళ్లు: పాలకొండవాడు, వెల్డరు, జాకీలు తిప్పే అన్నదమ్ములిద్దరు, ఒడియా వడ్రంగుల గ్యాంగు మొత్తం, కిచిడీ మోసుకొచ్చిన పెయింటరు. వీళ్లంతా కోచ్ లోపల. తర్వాత వచ్చినవాడు ఫోర్‌మన్. కోచ్ కింద నేను.