నల్లకోడి కాలివేళ్ళు

కోడికాలికి వైద్యమేమిటని నవ్వేవాళ్ళు ఒక్క చలికాలం మా బుకోవినా కొండల్లో ఉండి చూడాలి. మా ఊళ్ళో ఎవరూ నవ్వరు. కోడి కుంటితే చాలు, చంకలో పెట్టుకుని సవేత ఇంటికి పరుగెత్తుతారు.

సవేత ముందు తిట్టేది కోడిని కాదు, తెచ్చినవాళ్ళని. "గుండ్రటి కర్ర మీద పడుకోబెడితే వేళ్ళు గడ్డకట్టక ఏం చేస్తాయే? వెడల్పు పలక వెయ్యమని ఎన్నిసార్లు మొత్తుకోను? పలక మీదైతే పొట్ట ఈకలు వేళ్ళ మీదికి కప్పుకుంటుంది గదా!" అంటుంది. ఆ తర్వాత కోడిని గుడ్డలో చుట్టి ఒళ్ళో వెల్లకిలా పడుకోబెడుతుంది. అరికాల్లో నల్లటి పొక్కు కట్టి ఉంటే ఉప్పు నీళ్ళలో నానబెట్టి, చీము తీసి, తేనె రాసి, పాత చొక్కా పీలికతో కట్టు కడుతుంది. చలికి కొయ్యబారిన కాళ్ళయితే గోరువెచ్చటి నీళ్ళు, అదీ మోచేత్తో చూసుకుని మరీ. పొయ్యి పక్కన పెట్టనివ్వదు, చేత్తో రుద్దనివ్వదు. పొరపాటున ఎవరైనా మంచు మాట ఎత్తారా, వాళ్ళ పని అయిపోయినట్టే.

ఎందుకో ఊళ్ళో పెద్దవాళ్ళకు తెలుసు. మా వైపు చలికి కొయ్యబారిన కాళ్ళకు మంచే మందని అమ్మమ్మల నాటి నుంచీ రుద్దుతూ వచ్చారు. ముప్పై ఏళ్ళ కిందట సవేత మొగుడు తొయాదెర్‌ని అడవి నుంచి దుంగల బండి మీద తెచ్చి దించినప్పుడు అతని పాదాలు తెల్లగా, కర్రముక్కల్లా ఉన్నాయి. సవేత అప్పుడు కొత్త పెళ్ళికూతురు. బకెట్లతో మంచు తెచ్చి, ఏడుస్తూ, చర్మం ఊడేదాకా రుద్దింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు భేష్ అన్నారు. పట్నం ఆసుపత్రిలో పది వేళ్ళూ తీసేసి, ఆ రుద్దడమే కొంప ముంచిందని డాక్టరు చెప్పాడు. తొయాదెర్ బూట్ల మొనల్లో గుడ్డలు కుక్కుకుని నడవడం నేర్చుకున్నాడు. పెళ్ళాన్ని ఒక్క మాట అనలేదు. అనుంటే ఎంత బాగుండేదో! ఆ మాట కోసం ఆమె ముప్పై ఏళ్ళు ఎదురుచూసింది. తనంతట తాను మాత్రం నోరు తెరవలేకపోయింది.

ఈ చలికాలం తొయాదెర్ ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. మంచు కరిగేదాకా ఉండడని అతనికీ తెలుసు. శవపేటికను గోతిలోకి దించేటప్పుడు, ప్రాణంతో ఉన్న కోడిని గోతి మీదుగా పేదవాళ్ళ చేతికి అందించడం మా ఆచారం. ఆ కోడి పైలోకంలో చనిపోయినవాడికి ముందు నడుస్తూ, దారిలో ముళ్ళన్నీ గోళ్ళతో గీరి పక్కకు తోస్తుందట. అందుకే గట్టి కాళ్ళున్న కోడిని ఎంచుకుంటారు. తొయాదెర్ తనే నల్లకోడిని ఎంచుకున్నాడు.

"నాకెలాగూ వేళ్ళు లేవు, దానికైనా ఉండాలి గదే," అని నవ్వాడు. సవేత నవ్వలేదు. ఆ కోడిని కళ్ళలో వత్తులు వేసుకుని కాపాడింది.

సాయానికి వచ్చిన ఆడపడుచు రుక్సాండ్ర ఓ సాయంత్రం కోళ్ళగూడు గడియ పెట్టడం మరిచిపోయింది. తెల్లారి సవేత పెరట్లోకి వచ్చేసరికి, రుక్సాండ్ర నల్లకోడిని ఒళ్ళో పెట్టుకుని దాని కాళ్ళు మంచుతో రుద్దుతోంది.

"ఏం చేస్తున్నావే నువ్వు!"

"కట్టెల మోపు కింద బిగుసుకుపోయి ఉంది వదినా. అమ్మ ఇలాగే చేసేది గదా. నువ్వు మాత్రం అన్నయ్యకి..." అని ఠక్కున ఆగిపోయింది.

సవేత కోడిని లాక్కుంది. తిట్టడానికి నోరు రాలేదు. ఎవరిని తిట్టాలి? గోరువెచ్చటి నీళ్ళు పెట్టింది, తడి అద్దింది, మెత్తటి గడ్డి పరిచిన బుట్టలో పొయ్యికి దూరంగా ఉంచింది. మూడు వారాలు మొగుడికి చారు తాగించడం, కోడికి కట్టు మార్చడం, ఇదే పని. ఎడమకాలు దక్కింది. కుడికాలి వేళ్ళు మూడు నల్లబడ్డాయి. నల్లబడ్డదాన్ని కొయ్యకూడదు, దానంతట అది రాలాలి. ఓ పొద్దున మూడూ గడ్డిలో కనబడ్డాయి.

"ఏదీ, చూపించు," అన్నాడు తొయాదెర్ మంచం మీది నుంచి. చూసి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. "ఇప్పుడు అచ్చంగా మన ఇంటిదయిందే." కాసేపటికి నవ్వు ఆగింది. "సవేతా, ఇది నాకు ముందు నడవగలదంటావా?"

"నడుస్తుందయ్యా. ఎందుకు నడవదు?"

ఆమె కోడి కట్టు సరిచేసింది. తల వంచుకునే, "ఏమయ్యా, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టింది. తల ఎత్తి చూస్తే అతనికి నిద్ర పట్టేసింది. సరే, రేపు చెబుదామనుకుంది. తెల్లారేసరికి తొయాదెర్ లేడు.

గోతి దగ్గర రుక్సాండ్ర తన ఇంటి ఎర్రకోడిని పట్టుకుని నిలబడింది. దాని గోళ్ళు కొక్కేల్లా ఉన్నాయి.

"ఇది తీసుకో వదినా, నీకు దండం పెడతా. అన్నయ్యని కుంటికోడి వెనకాల పంపుతావా?"

ఊరంతా సవేత వంకే చూసింది. ఆమె శాలువా కింది నుంచి నల్లకోడిని బయటకు తీసింది.

"మీ అన్నయ్య మాత్రం పరుగెత్తగలడటే? నీ కోడైతే ఎటో వెళ్ళిపోతుంది. ఇదైతే ఆయన నడకకు సరిపోతుంది."

గోతికి అవతల చేతులు చాచి నిలబడ్డ మనిషి అంఘెలీన. ఊరిచివర ఒంటరిగా బతికే పేదరాలు. సవేత కోడిని అందించింది గానీ వెంటనే వదల్లేదు. గోతి మీద ఇద్దరి చేతుల్లోనూ కోడి ఉంది.

"చలికి కాళ్ళు కొయ్యబారితే మంచు రుద్దకూడదు," అంది సవేత. "గోరువెచ్చటి నీళ్ళు పెట్టాలి. నాకు అప్పుడు తెలియదు. ఒట్టు, నిజంగా తెలియదయ్యా."

అంఘెలీన తల ఊపింది. సవేత ఆమె వంక చూడటం లేదు, గోతిలోకి చూస్తోంది.