చెడుగుడు ఆటగాడి ఖాతా

ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. డైరీలో కూడా రాసుకోలేదు. ఆ చెడుగుడు ఆటగాడికి నెలనెలా కట్టే ఖాతా మంచిదని నేను చెప్పింది అతని మేలు కోరి కాదు. అలా అయితే నెలకోసారైనా మా ఇంటికి వస్తాడని.

ఎనభైల మొదట్లో నేను నర్సీపట్నంలో పోస్టాఫీసు పొదుపు ఏజెంటుని. నాన్న స్కూలు మేష్టారు. ఇంటికి వచ్చేవాళ్లంతా ఆయన కోసమే వచ్చేవారు. నాతో పనున్నవాళ్లు డబ్బు చేతిలో పెట్టి, కార్డు మీద సంతకం చేయించుకుని నిలబడ్డపాటునే వెళ్లిపోయేవారు. పగలు లైబ్రరీ పుస్తకం, సాయంత్రం డైరీ. అమ్మతో తప్ప మరెవరితోనూ మాట్లాడని వారాలున్నాయి.

అతనిది గొలుగొండ దగ్గర ఊరు. పోటీలకెళ్లే జట్లు అతన్ని డబ్బిచ్చి పిలిపించుకునేవి. కోతలయ్యాక మూడు నాలుగు నెలలే ఆ సంపాదన. గెలిచిన రోజునే పదిమంది చుట్టూ చేరి ఖర్చు పెట్టించేస్తున్నారని నాన్న అతన్ని నా దగ్గరికి పంపారు.

అలాంటివాడికి మామూలు సేవింగ్స్ పుస్తకం చాలు. ఆడే రోజుల్లో వేసుకుని, అవసరమొచ్చిన రోజున మొత్తం తీసుకోవచ్చు. అది నాకు తెలుసు. అయినా ఐదేళ్లు నెలనెలా కట్టే ఖాతా గురించే చెప్పాను. వడ్డీ ఎక్కువన్నాను. అదీ నిజమే.

"నాకేటి తెలుసండి అమ్మాయిగారూ. మీరేది బాగుంటదంటే అదే రాసేయండి," అన్నాడు.

ఆటల్లేని నెలల్లోనూ ఎలాగో డబ్బు సర్దుకుని, నెల మొదట్లో ఏదో ఒక రోజు బస్సు దిగి వచ్చేవాడు. అరుగు చివర కూర్చుని, ఏ ఊళ్లో కూతకెళ్లి ఎంతమందిని అవుట్ చేసి వచ్చాడో చెప్పేవాడు. ఒకసారి నా చేతిలోని పుస్తకం తీసుకుని బరువు చూశాడు.

"ఏటండి, ఇదంతా ఒక్కరే సదివేస్తారా? మా జట్టంతా కలిసి పట్టినా లొంగేలా లేదు."

నవ్వాను. ఆ నవ్వు విని లోపలున్న అమ్మ బయటికొచ్చి చూసింది. అతను వెళ్లాక అరుగు మరీ ఖాళీగా అనిపించేది. మళ్లీ నెల ఎప్పుడు తిరుగుతుందా అని క్యాలెండరు వంక చూసేదాన్ని.

రెండో ఏడు బలిఘట్టంలో ఆడుతుండగా నలుగురు అతని మీద పడ్డారు. మోకాలు మెలిపడింది. వెంటనే ఆపరేషన్ చేయిస్తే మళ్లీ ఆడగలడని, ఆలస్యమైతే ఆ కాలు ఆటకు పనికిరాదని విశాఖపట్నం డాక్టరు చెప్పాడట. వాళ్లన్న భుజం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముగ్గురం పోస్టాఫీసుకి వెళ్లాం. ఖాతా తెరిచి మూడేళ్లు నిండలేదు కనుక కట్టినదాంట్లో ఇప్పుడు సగమే వస్తుందని, మిగతాది మూడేళ్లు నిండాకేనని గుమాస్తా నెమ్మదిగానే చెప్పారు. నాకది కొత్త కాదు. ఖాతా తెరిపించిన రోజునే తెలుసు.

నా కమీషను డబ్బు అమ్మ పెట్టెలో ఉంది. ఇస్తాననే మాట నోటిదాకా వచ్చింది. ఎందుకిస్తున్నావని ఇంట్లో అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను.

మిగతా సగం అప్పు పుట్టేసరికి వానాకాలం దాటిపోయింది. ఆపరేషనయ్యాక నడవగలిగాడు గానీ, ఆ ఏడు ఏ జట్టూ పిలవలేదు. ఆ తరవాతి ఏడూ అంతే.

మూడేళ్లు నిండాక ఖాతా మూసేయడానికి వచ్చాడు. ఆ రోజు అరుగెక్కలేదు. కిందే నిలబడి కాగితాల మీద సంతకాలు పెట్టాడు. అప్పటికి వరిచేలల్లో కూలికి వెళ్తున్నాడట. నేనెందుకు ఆ ఖాతా తెరిపించానో చెప్పేద్దామనుకున్నాను. ఈలోగా కాగితాలు జేబులో పెట్టుకుంటూ అతనే అన్నాడు.

"మీ మాటిని దాసుకోబట్టి ఆపరేషనుకి ఆ సగమైనా అందిందండి. లేపోతే అదీ తినేసీవోణ్ణి. ఎల్తానండి అమ్మాయిగారూ, బస్సెల్లిపోద్ది."