ఎండిన రాయి లెక్క

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన మరుసటి ఏడు జనవరిలో మార్కాపురం పలకల ఫ్యాక్టరీలో నన్ను లెక్కల గుమాస్తాగా వేసుకున్నారు. మిషన్ బడి చదువు, కుదురైన దస్తూరీ తప్ప నాకు వేరే అర్హత లేదు. పలకలు రుద్దే పనిలో ఆడవాళ్లు చాలామందే ఉండేవారు. కాగితాల దగ్గర మాత్రం నేనొక్కదాన్నే. నాలుగేళ్లు చేసి మానుకున్న ఆ ఉద్యోగంలోని ఒక వేసవి సంగతి, వ్యాపారం చదువుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఉత్పత్తి నిర్వహణ అని పుస్తకాలు పెద్ద పేరుతో చెప్పేది, దగ్గర నుంచి చూస్తే, సరుకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఎప్పుడు, ఎంత, ఏ స్థితిలో అందుతున్నదో కనిపెట్టి ఉండడమే.

గనిలో తీసిన రాతిదిమ్మలు బండ్ల మీద ఫ్యాక్టరీకి వస్తాయి. చీల్చేవాళ్లు ఉలితో వాటి పొరలు విడదీస్తారు. ఆ పొరలను కొలతకు కోసి, రుద్ది నునుపు చేసి, చివరికి కొయ్య చట్రం బిగిస్తారు. పనివాళ్ల మీద మేస్త్రీ, ఆయన మీద మేనేజరు. యజమాని గుంటూరు నుంచి నెలకొకసారి వచ్చేవారు. ఎవరి దగ్గర ఎన్ని తయారైనాయి, ఎన్ని పగిలినాయి అని రాయడం నా పని. డైరీ రాసుకునే అలవాటు కొద్దీ, ఎవరూ చెప్పకపోయినా, రిజిస్టరులో ఇంకో గడి గీసుకున్నాను. దిమ్మ ఏ రోజు వచ్చింది, ఏ రోజు చీల్చారు అన్నది అందులో రాసేదాన్ని.

చీల్చేవాళ్లు ముగ్గురు. అందరిలో పెద్దవాడు, పనితనం ఉన్నవాడు పుల్లలచెరువు యేసోబు. ఏ దిమ్మ ఏ రోజు వచ్చిందని అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు. ఆ ఏప్రిల్‌లో, బడులు తెరిచేలోగా పంపాలని పెద్ద ఆర్డరు వచ్చింది. చీల్చేవాళ్లు ఒక్క గడియ ఖాళీగా ఉండకూడదని మేనేజరు బండ్లు రెట్టింపు చేయించారు. చీల్చే చేతులు మాత్రం పెరగలేదు. షెడ్డు నిండిపోయి, దిమ్మలు ఆవరణలో ఎండకు పేరుకున్నాయి. ఆ కుప్ప చూసి మేనేజరు ధైర్యంగా ఉండేవారు.

గని నుంచి వచ్చిన రాయిలో పచ్చి, అంటే లోపలి తేమ, ఉంటుంది. అది ఆరకముందే చీలిస్తే పొరలు సాఫీగా విడతాయి, ఆరితే పగులుతాయి. అందుకే దిమ్మల మీద తడి గోనెలు కప్పుతారు. అంత కుప్పకు గోనెలు చాలలేదు. బావిలో నీళ్లు తాగడానికే అంతంత మాత్రం. ఎండిన దిమ్మలు చీల్చడం కష్టం గనుక మేస్త్రీ వాటిని యేసోబుకే వేశాడు. కొత్తగా వచ్చినవి మిగతా ఇద్దరికీ పోయేవి.

"ఏంది యేసోబూ, ఉలి పట్టేది మరిచినావా? నీ ముందర పలకల కంటే పెంకులే ఎక్కువుండాయి" అన్నాడు మేస్త్రీ ఒకరోజు.

"రాయి ఎండిపోయింది మేస్త్రీ. తట్టి చూడు, నీకే తెలుస్తాది."

"ఇట్లనే కొట్టు మామా, మా పిల్లోళ్లకు తొక్కుడుబిళ్లలకు కొదవుండదు" అంది రుద్దే వరసలోంచి ఒకామె. అందరూ నవ్వారు. యేసోబు కూడా నవ్వాడు.

నెలాఖరున యజమాని వచ్చారు. షెడ్డులో అందరి ముందూ, ఎవరి చేతిలో ఎన్ని పగిలాయో చదవమన్నారు. చదివాను. యేసోబు లెక్క మిగతా ఇద్దరిదీ కలిపినా మించిపోయింది. అతన్ని తీసెయ్యమన్నారు యజమాని.

యేసోబు నా వైపు తిరిగాడు. "పక్క గడిలో ఏందో రాస్తావు గదా పాపా, అది గూడా సదువు."

ఏ దిమ్మ ఎన్ని రోజులు ఎండలో ఉందో అక్కడ రాసి ఉంది. వచ్చిన రోజే చీల్చినవి అతని చేతిలో కూడా దాదాపు పగల్లేదు. ఆ గడి మీద వేలు పెట్టి మేనేజరు వైపు చూశాను. "అడిగింది చెప్పావు, చాలమ్మా" అన్నారు మేనేజరు. నేను రిజిస్టరు మూశాను.

ఎనిమిది రోజుల తరువాత ఆ గడి మొత్తం శుభ్రంగా నకలు తీసి మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాను. మర్నాటి నుంచి ఆయన, మిగిలిన ఇద్దరూ ఒక రోజులో చీల్చగలిగినంత రాయే తెప్పించారు. చీల్చేవాళ్లు అప్పుడప్పుడు ఊరికే కూర్చున్నా ఏమీ అనలేదు. పగలడం తగ్గింది. పలకలు మునుపటి కంటే ఎక్కువే తయారయ్యాయి.

యేసోబును పిలుచుకు రమ్మని మేస్త్రీని పుల్లలచెరువుకు పంపారు. మేస్త్రీ ఒక్కడే తిరిగి వచ్చాడు. యేసోబు బావులు తవ్వే పనికి పామూరు వైపు పోయినాడట, ఏ ఊరో ఇంట్లోవాళ్లకూ తెలియదట.

జూన్‌లో అతని భార్య మరియమ్మ ఉలులు తీసుకుపోవడానికి వచ్చింది. సంచిలో వేసుకుని, పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగింది.

"సగమే సదివినావంట గదా బిడ్డా" అంది. కోపంగా అనలేదు.

ఒక మెట్టుకూ ఇంకో మెట్టుకూ మధ్య పేరుకున్న సరుకు చూడ్డానికి బలంగా కనిపిస్తుంది గాని, అక్కడే చెడిపోతూ ఉంటుంది. చెడిపోయిన సరుకు లెక్కను కారణం నుంచి విడదీసి చదివితే, ఆ నేరం చివరగా పట్టుకున్న చేతి మీద పడుతుంది. ఆ తరువాత అక్కడ పనిచేసినన్నాళ్లూ, ఎవరు ఏ లెక్క అడిగినా రెండు గడులూ కలిపే చదివాను. ఒక్కసారి కూడా ఎవరూ వద్దనలేదు.