ఐసు దిమ్మకు ఎర్ర కోటు

ఆ రోజు పొద్దున జడ్జిగారు చివరిసారిగా ఫెయిల్ చేసింది ఒక జత చేతి తొడుగుల్ని. కొట్లో బల్ల మీద గుండుసూది పెట్టి, తొడుగు వేసుకున్న చేత్తో దాన్ని తియ్యబోయాడు. మూడుసార్లు ప్రయత్నించినా సూది రాలేదు. "సూది తియ్యలేని చెయ్యి తాళం తీస్తుందా? మంచులో గుమ్మం ముందు నిలబడి తాళం తియ్యడానికి తొడుగు విప్పుకోవాలా? అలాంటప్పుడు అసలు తొడుగెందుకు? ఫెయిల్!" అని ఇంటికొచ్చి, టోపీ కొక్కానికి తగిలించి, కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తీర్పు ఇచ్చాక కళ్లు మూసుకుని దాన్ని నెమరేసుకోవడం ఆయనకు మామూలే. అందుకని గంటసేపు ఎవరూ కదిలించలేదు. అంత నెమ్మదిగా, ఎవరికీ ఏ శ్రమా ఇవ్వకుండా ఆయన వెళ్లిపోతాడని ఎవరు అనుకుంటారు? బతికినన్నాళ్లూ అందరికీ ఆయన ఇచ్చింది శ్రమే మరి.

జడ్జి అన్నది వీధి పెట్టిన పేరు. నిజానికి ఆయన కోర్టు గడప తొక్కినవాడు కాదు, ముప్పై నాలుగేళ్లు ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కుగా చేసినవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తాను పరీక్ష చెయ్యకుండా ఎవరినీ కోటు కొననిచ్చేవాడు కాదు. ఇంట్లోవాళ్లనే కాదు, పక్కింటివాళ్లను, ఎదురింటి అద్దెవాళ్లను, చివరికి బస్సులో పక్కన కూర్చున్నవాళ్లను కూడా. "బాబూ, ఒక్కసారి చెయ్యి ఇలా చాపుతారా?" అని ముక్కూ మొహం తెలియని మనిషి మణికట్టు దగ్గర కోటులోకి రెండు వేళ్లు దూర్చేవాడు. "రెండు వేళ్లు పట్టాయంటే గాలికి తలుపు తీసి పెట్టినట్టే. రబ్బరు వేయించుకోండి" అని చెప్పి తన స్టాపులో దిగిపోయేవాడు. ఆ మనిషి మిగతా దారంతా తన చేతిని అనుమానంగా చూసుకుంటూ కూర్చునేవాడు.

ఈ పరీక్షలకు అందరికంటే ఎక్కువగా బలైంది మేనకోడలు. ఆయన చెల్లెలి కూతురు. ఒకే మేడలో మామయ్యవాళ్లు కింద, వీళ్లు పైన. ఏడేళ్ల వయసులో కోటు కొనడానికి వెళ్లినప్పుడు కొట్లో వరసల మధ్య ఆమెను పరిగెత్తించాడు.

"కోటంటే నిలబడి ఫోటో దిగడానికి కాదే అమ్మడూ. పరిగెత్తు! అదిగో బస్సు వెళ్లిపోతోంది!"

"ఏ బస్సు మామయ్యా?"

"ఏదో ఒక బస్సు! చెయ్యెత్తి ఆపు! ఆఁ, నడుము కనబడింది. ఫెయిల్!"

ఆ చలికాలం తొమ్మిది కోట్లలో తొమ్మిది బస్సుల వెంట పరిగెత్తాక పదోది పాసైంది. బురద రంగు. ఆయన పాస్ చేసిన కోట్లన్నీ బురద రంగువో, బూడిద రంగువో, లేకపోతే తుప్పు రంగువో అయ్యుండేవి. "రంగుకు వెచ్చదనం లేదే" అనేవాడు. మఫ్లరు మెడకు రెండు చుట్లు తిరగాలి, తిరిగాక కూడా మనిషి నిండుగా ఆవలించగలగాలి. మేజోళ్లు గోడకేసి కొడితే చప్పుడు రాకూడదు. ఎందుకు రాకూడదో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఊళ్లో చలిబట్టల కొట్టు పెద్దది ఒక్కటే. దాని షావుకారు బట్టతల మనిషి, మహా ఓర్పుగలవాడు. వీధి మలుపులో జడ్జిగారి టోపీ కనబడగానే, "జిప్పులున్నవన్నీ లోపల పెట్టెయ్యవే" అని భార్యను కేకేసేవాడు. జడ్జిగారు మాత్రం తిన్నగా వెళ్లి ఒక కోటు తీసి, దాని చేతి భాగాన్ని నోటికి అడ్డం పెట్టుకుని, బుగ్గలు పూరించి బలంగా ఊదేవాడు. అవతలివైపు అరచెయ్యి పెట్టుకుని గాలి తగులుతోందేమో చూసేవాడు.

"అయ్యా, కోటు వేసుకుంటారు గానీ ఊదరు కదండీ!"

"నేను ఊదకపోతే బయట గాలి ఊదుతుందయ్యా. దానికి నాకున్న మొహమాటం కూడా లేదు."

"పోనీ, ఇంకొంచెం ఖరీదైంది చూపించమంటారా?"

"ఖరీదును కప్పుకుంటే చలి ఆగుతుందా? కుట్టు చూపించు."

జేబులోంచి భూతద్దం తీసి కుట్లు లెక్కపెట్టేవాడు. బొత్తాలు పట్టుకుని పళ్లు పీకే డాక్టరులా లాగేవాడు. ఒక్కోసారి బొత్తాం చేతికొచ్చేది. అప్పుడు ఆయన మొహం చూడాలి, బహుమతి గెలుచుకున్నట్టు వెలిగిపోయేది.

ఇవన్నీ గట్టెక్కిన కోటుకు చివరి పరీక్ష ఇంట్లో. ఫ్యాక్టరీ నుంచి కూర్చున్న మనిషంత ఐసు దిమ్మ తెప్పించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ముందుగదిలో హీటరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టేవాడు. దానికి కోటు తొడిగి, జిప్పు పైదాకా లాగి, టోపీ పెట్టి, మఫ్లరు చుట్టేవాడు. కింద బేసిను. ఐదు గంటల్లో బేసిను సగం దాటి నిండిందా, కోటు ఫెయిల్.

"అన్నయ్యా, ఐసుకు కోటు వేస్తే వెచ్చబడి ఇంకా త్వరగా కరిగిపోదూ?" అని చెల్లెలు అడిగేది.

"కోటు వెచ్చదనం పుట్టించదే పిచ్చిదానా, లోపలి వేడిని బయటికి పోనివ్వదు, బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఒళ్లు వేడి ఆపే కోటైతే హీటరు వేడీ ఆపుతుంది. ఐసు అబద్ధం చెప్పదు. మనుషులైతే కొన్న మోజులో చలి లేదంటారు."

ఒకసారి ఎదురింటి మాస్టారు తలుపు తోసుకొచ్చి, ఆ ఐసు దిమ్మను జడ్జిగారనుకుని, తన మోకాళ్ల నొప్పుల గురించి పావుగంట చెప్పుకున్నాడు. "ఇంత శ్రద్ధగా వినేవాళ్లు మా ఇంట్లో ఒక్కరూ లేరండీ" అని మెచ్చుకుని వెళ్లాడు.

మేనకోడలికి ఇరవై నాలుగేళ్లు వచ్చాక కొండ మీద వాతావరణ కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. రోజుకు నాలుగుసార్లు ఆరుబయట నిలబడి, గాలి ఎంత వేగంగా వీస్తోందో, మంచు ఎంత పడిందో చూసి రాసుకోవాలి. చేరడానికి తొమ్మిది రోజుల గడువు. ఆ లోపల కోటు కావాలి. కావడమేమిటి, ఆమె చూసేసుకుంది కూడా. షావుకారు కొట్టు ముందరి అద్దం వెనక, మోకాళ్ల దాకా ఉండే ఎర్ర కోటు. పండు మిరపకాయ ఎరుపు. బురదలోనూ బూడిదలోనూ పెరిగిన పిల్లకు, తనంతట తాను ఎంచుకున్న మొదటి కోటు.

"మామయ్యా, ఇది నాది. పరీక్ష లేదు, గిరీక్ష లేదు."

"నీదేలే అమ్మడూ. ఒక్క రోజు నా దగ్గరుంచి తీసుకో" అని చంకన పెట్టుకుని వచ్చేశాడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు కిందికి దిగి వచ్చింది. ముందుగదిలో కుర్చీలో వీపు తిప్పి, ఎర్ర కోటు కూర్చుని ఉంది.

"ఏమే, ఇక్కడ కూర్చున్నావా? పైన పెట్టె సర్దమని చెప్పి రెండు గంటలైంది. నిన్నే! పలకవేం? కోటు కోసం ఇంత అలకా? ఉద్యోగం చేసుకునే పిల్లవి, నీకిదేం బుద్ధే?"

కోటు ఉలకలేదు, పలకలేదు. చెల్లెలికి మనసు కరిగింది. "సర్లే, మామయ్యతో నేను చెప్తాలే" అంటూ దగ్గరికెళ్లి మెడ మీద చెయ్యి వేసింది. వేసి, వీధి వీధంతా దద్దరిల్లేలా కేక పెట్టింది. "అన్నయ్యోయ్! పిల్ల చల్లబడిపోయిందిరోయ్!"

వంటింట్లోంచి జడ్జిగారి భార్య గరిటెతో, పెరట్లోంచి జడ్జిగారు సుత్తితో, పైనుంచి మేనకోడలు ఒక చెప్పుతో పరిగెత్తుకొచ్చారు. మెట్ల మీద నిక్షేపంగా నిలబడ్డ కూతుర్ని, కుర్చీలో ఉన్న కూతుర్ని మార్చి మార్చి చూసి చెల్లెలు నేల మీద కూలబడింది. జడ్జిగారు మాత్రం ముందు బేసిను వైపు చూశాడు.

"ముప్పావు నిండింది. ఫెయిల్."

"మా అమ్మ ప్రాణం పోయేలా ఉంటే నువ్వు బేసిను చూస్తున్నావా!"

"మూడు లోపాలున్నాయే. వినూ..."

"నేను వినను!" అని ఆమె రెండు చెవులూ మూసుకుని మేడెక్కి తలుపేసుకుంది. జిప్పు వెనక గాలికి అడ్డు పట్టీ లేదనీ, చేతుల అంచులు వదులనీ, వీపు దగ్గర లోపలి పొర మరీ పలచననీ జడ్జిగారు ఆ మూసిన తలుపుకే వివరంగా చెప్పి, కోటును కొట్లో తిరిగిచ్చేసి వచ్చాడు.

తరవాతి అయిదు రోజుల్లో ఇంకో అయిదు కోట్లు ఫెయిలయ్యాయి. ఇక గడువు లేదు. జడ్జిగారు తన పాత కోటు తెచ్చి ఇచ్చాడు. ఇరవై ఏళ్లనాటిది, తుప్పు రంగు, దూడంత బరువు. ఆమె నోరెత్తకుండా పెట్టెలో పెట్టుకుంది. నోరెత్తకపోవడానికి కారణం ఉంది. బయల్దేరే ముందు రోజు దొంగచాటుగా షావుకారు కొట్టుకు వెళ్లి, పావుగంట హోరాహోరీ బేరమాడి, ఎర్ర కోటు కొనేసింది. షావుకారు చివర్లో, "మీతో నేను నెగ్గలేనమ్మా, తీసుకుపోండి" అని చేతులెత్తేసినప్పుడు ఆమెకు ఏనుగెక్కినంత సంబరమైంది.

కొండ మీద రెండు చలికాలాలు ఆ కోటులోనే గడిచాయి. గాలి మనుషుల్ని తోసేసే రోజుల్లో కూడా ఆమెకు వెన్ను జివ్వుమనలేదు. తోటి ఉద్యోగులు బుసలు కొట్టే పొయ్యి వదిలి రాకపోతే, వాళ్ల వంతు కూడా తనే వెళ్లి రాసుకొచ్చేది. మామయ్య కోటును గదిలో కిటికీ సందుకు అడ్డంగా వేలాడదీసింది. న్యాయంగా చెప్పాలంటే, ఆ సందులోంచి గాలి పిసరంత కూడా రాలేదు.

సెలవుకు వచ్చినప్పుడు బస్సు దిగిన దగ్గర్నుంచి ఊరేగింపులా వచ్చింది. వీధి మధ్యలో నిలబడి, "మామయ్యా, బయటికి రా! నువ్వు ఫెయిల్ చేసిన కోటిదిగో! రెండు చలికాలాలు! తుమ్ము కూడా రాలేదు!" అని అరిచింది. కిటికీలన్నీ తెరుచుకున్నాయి.

జడ్జిగారు భూతద్దంతో వచ్చి, కోటు కాలర్ కాసేపు చూసి, తల దించుకున్నాడు.

"ఏమంటారు జడ్జిగారూ?" అన్నాడు మాస్టారు.

"ఏమంటాను? తీర్పు తప్పింది. పిల్ల కన్ను నా ఐసు కంటే నయం."

ఆయన తప్పు ఒప్పుకోవడం ఆ వీధి అంతకుముందు ఎన్నడూ చూడలేదు. మేనకోడలు ఆ వారమంతా దాన్ని రోజుకు మూడు పూటలా వాడుకుంది. కూరలో ఉప్పెక్కువైందని ఆయనంటే, "ఎర్ర కోటు!" అనేది. గొడుగు తీసుకెళ్లమంటే, "ఎర్ర కోటు!" ఆయన గుటుక్కున మాట మింగి, గొడుగు తనే పట్టుకుని వెనకాల వెళ్లేవాడు.

మూడో చలికాలం మొదట్లోనే చేతి తొడుగుల కేసు ముగించి ఆయన కళ్లు మూసుకున్నాడు. కొండ దిగి వచ్చిన మేనకోడలు ఇంట్లో ఏ వస్తువు ముట్టుకున్నా ఆయన ఊదో, లాగో, గీకో చూసిన గుర్తులే. ఏడవబోతే నవ్వొచ్చేది, నవ్వబోతే ఇంకోటి వచ్చేది. పదిహేను రోజులకు షావుకారు కబురంపాడు. మామయ్యగారి భూతద్దం కొట్లోనే ఉండిపోయింది, వచ్చి తీసుకెళ్లమని.

వెళ్లింది. షావుకారు భూతద్దం చేతికివ్వబోయి, ఆమె ఒంటిమీద కోటు చూసి ఆగాడు.

"ఇంకా దిట్టంగానే ఉందే."

"ఉండదా? మా మామయ్య తీర్పునే తప్పని తేల్చిన కోటు కదండీ ఇది."

షావుకారు బట్టతల తడుముకున్నాడు. "ఇంక ఆయన నన్నేమీ అనలేడు గాబట్టి చెప్పేస్తానమ్మా. ఒకసారి విప్పి ఇటివ్వండి."

కోటు బల్ల మీద తిరగేసి పరిచాడు. జిప్పు వెనక నిలువునా ఒక పట్టీ. చేతుల అంచుల్లో రబ్బరు. వీపంతా ఇంకో మందపాటి పొర. రెండేళ్లకు పైగా తొడుక్కుంటోంది, ఒక్కనాడూ తిరగేసి చూడలేదు.

"ఇవి కంపెనీ కుట్లు కావు. ఫెయిలని తెచ్చిచ్చిన మర్నాటి నుంచి మూడు రోజులు మీ మామయ్య మా వెనక గదిలో మిషను ముందు కూర్చుని కుట్టాడు. మీ కోటు ఒక్కదానికే కాదులెండి, ఆయన ఫెయిల్ చేసి తిప్పి పంపిన ప్రతి కోటుకీ బొత్తాలు గట్టిగా కుట్టే పంపేవాడు. ఎవరు కొనుక్కుంటారో ఏమో, వాళ్లకూ ఒళ్లుంటుందిగా అనేవాడు. లేకపోతే కొత్త కోట్లు చూసి ఇస్తానంటే నేను ఊరికే ఇస్తానా?"

"మరి నాకు చెప్పొచ్చు కదా! బాగుచేశాను, తీసుకోవే అనొచ్చు కదా!"

"నేనూ అదే అన్నాను. 'నేనిస్తే అది నేను పాస్ చేసిన కోటవుతుంది. వచ్చి కొనుక్కుంటే తన కోటవుతుంది. రేపో ఎల్లుండో వస్తుంది చూడు. అడగ్గానే తగ్గించావంటే అనుమానపడుతుంది. బాగా పోట్లాడనిచ్చి, అప్పుడు ఓడిపో' అన్నాడు. నాకా, నటించడం చేతకాదు. ఎలా ఓడిపోవాలో ఇక్కడే నిలబెట్టి రెండుసార్లు నేర్పించాడు. మొదటిసారి ఫెయిల్ చేశాడు కూడా."

ఆమె నవ్వింది. నవ్వుతూనే భూతద్దం తీసుకుని పట్టీ అంచు మీద పెట్టి చూసింది. కుట్టు ఎక్కడుందో కనిపెట్టడానికే చాలాసేపు పట్టింది.

"దారం గుడ్డలో కలిసిపోయిందండీ. ఎలా కనబడుతుంది నాకు?"

"కలవదా మరి?" అన్నాడు షావుకారు. "ఆ ఎరుపు కోసం నాలుగు కొట్లు తిరిగాడమ్మా. పదకొండు రీళ్లు ఫెయిల్ చేశాడు."